పట్టు వరసా, చాప వరసా?

"కొమ్మనా! ఎక్కడున్నావయ్యా, కొమ్మనా!"

గాలిఓడ రేవులో నిలబడి రాజు వసంతభూపతి గొంతు చించుకుంటున్నారు.

గాలిఓడంటే నిజంగానే గాల్లో పోయే ఓడ. మబ్బుగిరి రాజ్యం మొత్తానికీ అదొక్కటే. ఎలా ఎగిరేదో ఎవరికీ సరిగ్గా తెలీదు గానీ, పైనించి కొబ్బరితోటలు చూస్తుంటే మాత్రం ఎవరో ఒకరి మీద మనసు పడిపోయేది. కోట దగ్గర లేచి, కొండ దాటి, తామరపల్లెలో దిగేది. అంతే ప్రయాణం. పక్కవాళ్ల ఊరూ పేరూ అడిగేలోపే దిగమనేవాళ్లు.

తామరపల్లె రాణి మందారవల్లి పుట్టిల్లు. ఆవిడ అలిగి అక్కడికి వెళ్లిపోయారు. కారణం పెద్దదేం కాదు. వెన్నెల్లో ఆవిడ వీణ వాయిస్తుంటే రాజుగారు గురకపెట్టారు. పైగా "అది నిద్ర కాదు, తన్మయత్వం" అని బుకాయించారు.

"నిద్రపోయానని ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, మరుక్షణం వచ్చేస్తాను" అని రాణిగారు కబురంపారు.

రాజుగారా, ఒప్పుకోవడమా! ఘనంగా వెళ్లి దిగితే ఆవిడే కరిగిపోతుందనుకున్నారు.

కొమ్మన పరిగెత్తుకొచ్చాడు. కొలువులో రాజుగారిని నవ్వించడం అతని పని. "ఏం కొంప మునిగింది ప్రభూ?"

"నేను చాప వరసలో కూర్చోవాలా, పట్టు వరసలోనా? తేల్చు."

"తేల్చడానికేముంది ప్రభూ!" అంటూ భోగాధికారి అక్కిరాజు అడ్డొచ్చాడు. రాజుగారి వైభవాలన్నీ చూసేది ఆయనే. మీసాలకి సంపెంగనూనె రాసుకుని, తనకంటే ముందు తన వాసన వచ్చేలా తిరిగేవాడు. ఓడలో వెనక అందరూ కూర్చునే చాపలుండగా, ముందు పట్టు పరుపుల వరస వేయించింది కూడా ఆయనే. దానికి రుసుము పదింతలు. "అల్లుడుగారు చాప మీద దిగితే అత్తవారి ఊరు నవ్వదూ?"

"పట్టు వరసలో ఏం జరుగుతుందండీ?" అడిగాడు కొమ్మన.

"ఏం జరగదయ్యా! ఓడ లేవగానే పన్నీరు. తర్వాత కాళ్లు కడుగుతారు. గంధం, తాంబూలం, ఆపైన రాజుగారి పేరున నిండు విస్తరి. మజ్జిగన్నం తినేదాకా లేవకూడదు. మధ్యలో లేస్తే రాజుగారిని అవమానించినట్టే! ఓడ లేచిన ప్రతిసారీ అన్నీ మొదట్నించీ జరగాలి. నేనే పెట్టాను ఆ నియమం."

కొమ్మన కళ్లు మెరిశాయి.

"ప్రభూ, ఇంతటి వైభవాన్ని ముందు అక్కిరాజుగారే స్వయంగా చూసి రావద్దా? పన్లోపని, మీరొస్తున్నారని రాణిగారికి చెప్పి కూడా వస్తారు."

అక్కిరాజు పొంగిపోయి ముందుగా ఎక్కాడు. వెనక చాపల మీద గాజుల మంగతాయి తన బుట్టతో సహా కూర్చుంది.

ఓడ వెళ్లింది, వచ్చింది. అక్కిరాజు అందులోనే ఉన్నాడు.

"కబురు చెప్పావా?" అని రాజుగారు కింద నించి అరిచారు.

"ఇంకా పప్పు దగ్గరే ఉన్నాను ప్రభూ! కానీ బ్రహ్మాండంగా ఉంది!"

గాలి ఆగదు కదా, ఓడ మళ్లీ లేచింది. మళ్లీ పన్నీరు, మళ్లీ కాళ్లు కడగడం, మళ్లీ కొత్త విస్తరి. తిరిగొచ్చేసరికి అక్కిరాజు మీసాలు వాలిపోయాయి.

"ఈసారి?"

"పులుసు... దాకా..."

ఆ తర్వాతి సారికి మాట రాలేదు. నోట్లో గారె అడ్డంగా ఉంది. కాళ్లు మాత్రం కోటలో ఇంకెవరికీ లేనంత శుభ్రంగా ఉన్నాయి.

ఈలోగా మంగతాయి ఖాళీ బుట్టతో దిగింది. మొదటిసారే తామరపల్లెలో దిగి, గాజులన్నీ అమ్మేసి, మళ్లీ ఇదే ఓడ ఎక్కి వచ్చేసింది.

"అమ్మాయ్, రాణిగారు కనబడ్డారా?" రాజుగారు మెల్లిగా అడిగారు.

"కనబడకేమండీ! ఓడ వచ్చినప్పుడల్లా మేడ మీదికి వస్తున్నారు. కొప్పులో పూలు కూడా పెట్టుకున్నారు. మీరేమో అని మెడ సాచి చూస్తారు. అక్కిరాజుగారి బుగ్గలు కనబడగానే విసుక్కుని లోపలికెళ్లిపోతున్నారు పాపం."

రాజుగారి గుండె ఎవరో వీణ తీగ మీటినట్టు జల్లుమంది. "ప్రతిసారీ వస్తోందా?"

"ప్రతిసారీనండీ."

రాజుగారు కొమ్మన భుజం పట్టుకున్నారు. "చెప్పవయ్యా! పట్టు వరసా, చాప వరసా?"

"ఆకలేస్తే పట్టు వరస ప్రభూ. ఆవిడ గుర్తొస్తే చాప."

రాజుగారు పకపకా నవ్వి, మెళ్లో ముత్యాలహారం తీసి కొమ్మన మెళ్లో వేశారు. "అక్కిరాజూ, ఇక లేవయ్యా, నాకేం అవమానం కాదు" అని చేయూపారు. లేవడం అక్కిరాజు వల్ల కాలేదు. నలుగురు పట్టుకుని దింపుతుంటే రేవంతా ఘొల్లుమంది.

"నిజం చెప్పు, ఎందుకయ్యా ఆ వరస?"

"అందరికంటే ముందు ఎక్కుతుంటే... జనం చూస్తారని ప్రభూ" అన్నాడు అక్కిరాజు త్రేన్చుతూ.

రాజుగారు చాప వరసలో, ఓ కుండల బేరగాడికీ ఓ మేకపిల్లకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. మేకపిల్ల ఉత్తరీయం అంచు నమిలేసింది. ఆయన చూసుకోనేలేదు. కొండ దాటింది, తామరలు కనబడ్డాయి, ఓడ దిగింది. అందరికంటే ముందు గెంతింది ఆయనే.

రాణిగారు మేడ దిగి ఎదురొచ్చారు. నలిగిన బట్టల్నీ, నమిలిన ఉత్తరీయాన్నీ చూసి నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేం అవతారమండీ?"

రాజుగారు దారి పొడుగునా కూర్చుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ మర్చిపోయారు. రేవులో జనమంతా వింటుండగా, గట్టిగా అనేశారు:

"నిద్రపోయాను మందారా! ఆ రోజు శుభ్రంగా గురకపెట్టి నిద్రపోయాను. నువ్వెళ్లిన దగ్గర్నించీ మాత్రం కన్ను మూతపడ్డం లేదు."