అందరిలో నేను లేనా?

రాజుగారి టంకశాలలో బంగారు పొడి తూచేవాళ్లు తలకు దట్టంగా ఆముదం పట్టించుకుని, పొడి అంటిన వేళ్లతో రోజంతా జుట్టు దువ్వుకునేవారు. కొత్తగా చేరినవాడు అలా చేయకుండా ఊరుకుంటే, "ఏరా, నీతి నీ ఒక్కడికే ఉందా?" అని ఎగతాళి చేసి మరీ నేర్పేవారు. పన్నెండేళ్లుగా అక్కడ ఊడుస్తున్న నూకాలు ఇదంతా చూస్తూనే ఉంది. చెబితే వినే నాథుడు లేడు.

ఒక ఏడాది లెక్కలో యాభై తులాల బంగారం తగ్గింది. తూకందార్ల పెద్ద భద్రప్ప తన పదిమంది తూకందార్లతో కలిసి నూకాలును సభకు ఈడ్చుకొచ్చాడు.

"మావాళ్ల చేతులూ బట్టలూ రోజూ వెతుకుతాం, ప్రభూ. ఇదే ఊడ్చుకుపోయింది."

గుండు గీసి ఊరి నుంచి వెళ్లగొట్టమన్నాడు రాజు. మంగలి కత్తి తీశాడు. నూకాలుకు ఒళ్లు మండింది.

"అలాగే గీయించండి. కానీ ముందు నా తల కుంకుడు రసంతో ఒక పళ్లెంలో కడిగించండి. నన్ను దొంగన్నవాళ్ల తలలూ తలా ఒక పళ్లెంలో కడిగించండి."

రాజు సరేనన్నాడు. నీళ్లు తేరాక నూకాలు పళ్లెంలో మట్టి మిగిలింది. మిగతా పళ్లాల అడుగున బంగారం మెరిసింది. భద్రప్ప పళ్లెంలో అందరికన్నా ఎక్కువ.

భద్రప్ప రాజు కాళ్ల మీద పడ్డాడు. "అక్కడ అందరూ చేసేదే, ప్రభూ! అందరూ చేస్తుంటే ఒక్కడు ఎలా ఆగుతాడు?"

రాజు ముఖంలో జాలి కదిలింది. అది చూసి నూకాలు తన మట్టి పళ్లెం తెచ్చి ఆయన ముందు ఠపీమని పెట్టింది.

"పన్నెండేళ్లు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. అందరిలో నేను లేనా?"

రాజు మంగలికి సైగ చేశాడు. ఆ పూట కత్తి కింద పదకొండు తలలు వంగాయి, మొదటిది భద్రప్పది.