మడత పెట్టే ముందు

సన్యాసిరావు దిగులల్లా ఒక్కటే. గురువు మస్తాన్ మాస్టారు రాసే ఉత్తరాల్లో ఒక్క గట్టి ఇంగ్లీషు మాట కూడా ఉండదు.

రిటైరైన మాస్టారు విశాఖ రేవు దగ్గర తన ఇంటి అరుగు మీద కూర్చుని, ఓడల్లో పనిచేసేవాళ్ల ఇళ్ల తరఫున కంపెనీలకు ఉత్తరాలు రాసిపెట్టేవారు. సెల్‌ఫోన్లు రాని రోజులవి. రాసింది తెలుగులో చదివి వినిపించేవారు. వచ్చినవాళ్లు తలూపితేనే కాగితం మడత పెట్టేవారు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి చేరిన సన్యాసిరావుకు ఇదంతా చాదస్తంగా తోచేది. తను మాత్రం రోజుకు పది కష్టమైన మాటలు, అర్థాలతో సహా నోటుబుక్కులోకి ఎక్కించి బట్టీ కొట్టేవాడు. మూడువేలు దాటాయి. వాడే చోటే దొరక్క ప్రాణం కొట్టుకునేది.

మాస్టారు జ్వరంతో పడుకున్న రోజు పైడితల్లి వచ్చింది. ఆమె మొగుడు ఓడలో వంటవాడు. అత్తకు చివరి రోజులు, కొడుకును చూడాలని కలవరిస్తోంది. ఒక్కసారి పంపమని రాయాలి. సన్యాసిరావు రెచ్చిపోయి రెండు పేజీలు నింపాడు. చదివి వినిపించమంటే, ఇంగ్లీషు నీకేం తెలుస్తుందమ్మా అని నవ్వి కవరు అంటించేశాడు.

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. మీరేం కోరుతున్నారో మాకు బోధపడలేదు, తేటగా రాయండని. ముసలమ్మ పోయి అప్పటికి నాలుగు రోజులు. తను ఆ రెండు పేజీలు రాసిననాటికి ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఆ సంగతి తలచుకుంటే సన్యాసిరావుకు అన్నం దిగలేదు.

మాస్టారు తిట్టలేదు. తిట్టినా బాగుండు అనుకున్నాడు. ఆయన పైడితల్లిని పిలిపించి, అప్పటి ఉత్తరం చిత్తుప్రతి శిష్యుడి చేతికిచ్చి, "ఆమెకు తెలుగులో చదివి వినిపించు" అన్నారు.

సన్యాసిరావు చదివాడు. తను రాసిన మాటలకే తెలుగు దొరక్క నాలుగు చోట్ల ఆగాడు. పైడితల్లి ఓపిగ్గా వింది. మొదటి పేజీ అయిపోయాక మెల్లగా అడిగింది.

"ఉత్తరంలోకి మా అత్త ఇంకా రానేదేటి బాబూ?"

అతను రెండో పేజీ చదవకుండానే కాగితాలు కింద పెట్టేశాడు.

మాస్టారు తెల్లకాగితం ముందుకు జరిపారు. ఓడలో ఉన్నవాడికి ఇంకా కబురు తెలీదు. సన్యాసిరావు చాలాసేపు కూర్చుని రెండు వాక్యాలు రాశాడు. అన్నీ ఆరో తరగతి మాటలే. రాసి, తెలుగులో చదివాడు.

"మీ ఓడలో వంటవాడు దాలయ్య తల్లి చనిపోయింది. దయచేసి అతన్ని ఇంటికి పంపండి."

పైడితల్లి కళ్లు తుడుచుకుని తలూపింది.

"ఇప్పుడు మడత పెట్టు," అన్నారు మాస్టారు.