తెర వెనక కుండ

చాలాకాలం కిందట ఎర్రకొండలకు తూర్పున ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఉద్దండకేసరి అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఎవరైనా పొగుడుతుంటే భోజనం చల్లారిపోతున్నా లేచేవాడు కాదు. కొలువులో నలభైమంది ఉద్యోగులుండేవారు. రాజుగారి బలహీనత వాళ్లకు బాగా తెలుసు, వాళ్ల బతుకులు గడిచేదే దానిమీద.

ఆ రాజ్యంలో విచారణశాల అని ఒకటుండేది. అక్కడ కొందరు వాననూ నీటినీ మట్టినీ పరీక్షించేవారు. కొందరు ఊరూరా తిరిగి జనం మంచిచెడ్డలు తెలుసుకునేవారు. ఇంకొందరు పాత తాటాకులూ శిలాశాసనాలూ చదివేవారు. ఆ శాలకు పెద్ద మాచాంబ. అరవై ఏళ్లు దాటిన మనిషి. ఏ సంగతైనా మూడువైపుల నుంచీ చూస్తేగానీ నమ్మేది కాదు. నమ్మిందంటే ఇక ఆమెను కదిలించడం ఎవరి తరమూ కాదు.

ఒక ఏడాది రాజు పెద్ద చెరువు తవ్వించి, దానికి ఉద్దండసాగరం అని తన పేరే పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్న పదకొండు ఊళ్లూ ఆ నీళ్లే తాగాలనీ, పాతబావులు పూడ్చేయాలనీ ఆజ్ఞ ఇచ్చాడు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ ఊళ్లలో పిల్లల పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకర తిరిగాయి. ఆ పిల్లలను చూసొచ్చిన రోజున మాచాంబకు ముద్ద దిగలేదు. ఏమైనా సరే, ఆ బావులు తెరిపించాలని నిశ్చయించుకుంది.

విచారణ మొదలైంది. చెరువు నీళ్లలో కందిపప్పు వేసి పూటంతా ఉడికించినా బద్దలు బద్దలుగానే మిగిలింది. చెరువు గట్టు పక్కన మట్టిలో కూరుకుపోయిన పాత రాయిని కడిగి చదివితే, 'ఈ పల్లంలో పశువుకైనా నీళ్లు పెట్టరాదు' అని ఉంది. జనాన్ని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

మాచాంబ కొలువుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. బొప్పన మంత్రి నవ్వాడు.

"పప్పు గింజలకూ పాత రాళ్లకూ ఏం తెలుసమ్మా? నేను స్వయంగా భటులతో వెళ్లి ఊరూరా అడిగించాను. నాలుగువేల మందిని అడిగితే నాలుగువేల మందీ ఆ నీళ్లు అమృతమన్నారు."

"ఎలా అడిగారు మంత్రిగారూ?"

"దండోరా వేయించి, వరసగా నిలబెట్టి, అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ ఈటెలు పట్టుకుని ఉండగా అడిగాం. అంతా పద్ధతిగానే జరిగింది."

రాజు మీసం దువ్వాడు. "విన్నావుగా మాచాంబా! నాలుగువేల నోళ్లు అబద్ధమాడతాయా? రేపటిలోగా అది తప్పని రుజువు చెయ్యి. లేదంటే నీ శాలకు తాళం వేయిస్తాను, నీ తాటాకులు పొయ్యిలోకి పోతాయి."

"రేపటిదాకా ఎందుకు మహారాజా? ఈ సాయంత్రం మీ వీణ కచేరీ అయ్యాక ఒక్క ఘడియ ఇప్పించండి చాలు."

రాజుకు వీణంటే ప్రాణం. విన్నవాళ్లకు మాత్రం ప్రాణసంకటం. ఆ సాయంత్రం ఆయన తనివితీరా వాయించాడు. అయ్యాక రాజుగారి వీణ ఎలా ఉందని మాచాంబ నలభైమంది ఉద్యోగులనూ వరసగా అడిగింది.

"గంధర్వులు తలవంచుకోవాలి" అన్నాడు బొప్పన.

"నాకు కన్నీళ్లాగలేదు" అన్నాడు సేనాపతి. ఆ మాట నిజమే, కారణం వేరు. మిగతావాళ్లు ఒకరిని మించి ఒకరు పొగిడారు. రాజు ముఖం వెలిగిపోయింది.

అప్పుడు మాచాంబ సభామండపం మూలన తెర కట్టించి, దాని వెనక మూతి ఇరుకైన కుండ పెట్టించింది. పక్కన ఒక బుట్టలో గురివింద గింజలు, ఇంకో బుట్టలో చింతగింజలు.

"మళ్లీ అదే ప్రశ్న. వీణ బాగుంటే గురివింద గింజ, బాగా లేకపోతే చింతగింజ కుండలో వేయండి. ఒక్కొక్కరే వెళ్లాలి. ఎవరేం వేశారో చూసేవాళ్లు లేరు."

ముందు ఏర్పాటు చూసొస్తానని రాజు తెర వెనక్కి వెళ్లొచ్చాడు. తర్వాత నలభైమందీ వెళ్లొచ్చారు. మాచాంబ కుండను సింహాసనం ముందు బోర్లించింది. గలగలమని చింతగింజలే పడ్డాయి. వాటి మధ్య ఎర్రగా ఒకే ఒక్క గురివింద గింజ.



"ఈ ఒక్క గింజా ఎవరిది?" అని అడిగాడు రాజు.

"నాదే ప్రభూ" అన్నాడు బొప్పన ఒక్క అంగలో ముందుకొచ్చి.

"కాదు ప్రభూ, నాది" అన్నాడు సేనాపతి. వెనకనుంచి పురోహితుడు అది తనదన్నాడు. కోశాధికారి దేవుడిమీద ఒట్టేశాడు. చూస్తుండగానే ఆ ఒక్క గింజకూ నలభైమంది సొంతదార్లు తేలారు.

రాజు వంగి ఆ గింజను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇది నేను వేసింది" అన్నాడు.

నలభై తలలూ ఒక్కసారే కిందికి వంగాయి. మాచాంబ మాత్రం తల ఎత్తే ఉంచింది. "మహారాజా, మీ ఉప్పు తింటూ, పట్టుబట్టలు కట్టుకున్నవాళ్లే మీ ఎదుట నిజం చెప్పడానికి జంకారు. ఈటెల నడుమ నిలబడిన రైతు అమృతమనక ఏమంటాడు? ఆ ఊళ్లలో పిల్లలు నడవలేకపోతున్నారు. నాకు కావలసింది అదొక్కటే, ఈ కుండను అక్కడికి తీసుకుపోనివ్వండి."

రాజు గింజవంక మళ్లీ చూశాడు. ముందు మీసాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది. ఆపైన సింహాసనం కిర్రుమనేలా పకపకా నవ్వాడు.

"గురివింద తన నలుపెరగదంటారు. నేను ఇవాళ నా నలుపు చూశాను. కుండ తీసుకుపో మాచాంబా. ఈటెలు ఇక్కడే ఉంటాయి."

ఆ కుండ పదకొండు ఊళ్లూ తిరిగింది. నాలుగువేల గింజల్లో గురివిందలు తొమ్మిదే తేలాయి. నెల తిరక్కముందే పాతబావులు మళ్లీ తవ్వించారు, తవ్వకం దగ్గర తట్ట మోసే పని బొప్పన మంత్రిది.

రాజు మాచాంబకు బంగారు కంకణం తొడిగాడు. ఇకమీదట ఏ విచారణైనా విచారణశాల పద్ధతిలోనే జరగాలని శాసనం చెక్కించాడు. ఆమె సెలవు తీసుకుంటుంటే కాస్త మొహమాటంగా అడిగాడు.

"మరి నా వీణ సంగతేమిటి? మానేయమంటావా?"

"ఎందుకు మానాలి ప్రభూ? నిక్షేపంగా వాయించండి. ఎవరినీ పిలిపించకండి, తలుపులు తెరిచి ఉంచండి. ఎంతమంది వస్తారో నేను లెక్క రాసుకుంటాను."

ఆ సాయంత్రం రాజు వీణ తీశాడు. సభ మొత్తానికి ఇద్దరే ఉన్నారు, ఒకరు వాయిస్తున్నారు, ఇంకొకరు రాసుకుంటున్నారు. రాజు ఆ ఖాళీ మండపం చూసి మళ్లీ నవ్వాడు. ఆ రోజే మొదటిసారి, ఎవరి మెప్పూ అక్కర్లేకుండా, తప్పుపోయినచోట ఆగి, వెనక్కి వెళ్లి, సరిదిద్దుకుని వాయించాడు.