కాకిబంగారానికి నూరు పుటాలు

అడిగినదానికి వెంటనే బదులివ్వడం పరదేశయ్య స్వామికి అలవాటు లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించి ఊరుకునేవారు.

గూడూరు దాపున, నేలంతా కాకిబంగారం రేకులు తళుక్కుమనే చోట ఆయన ఆశ్రమం. శిష్యుల్లో ఓబులేసు నడివయసువాడు. పూర్వం ఇత్తడి గాజులకు బంగారు పూత పూసి, అసలు సరుకని ఊరూరా అమ్మినవాడు. అదంతా మాని స్వామిని ఆశ్రయించి మూడేళ్ళయినా, ఊళ్ళో వాడి పేరు ‘కాకిబంగారం’గానే ఉండిపోయింది. ఒకనాడు వాడు తోడిపెట్టిన బిందెడు నీళ్ళను చెంగమ్మ వాడి కళ్ళెదుటే పారబోసింది. వాడి గాజులు కొని మోసపోయిన మనిషి ఆమె.

“ఈ పేరు నన్నెప్పుడు వదులుతుంది స్వామీ?” అని ఓబులేసు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

“గుట్ట దగ్గరికి ఎవరో వైద్యుడు వచ్చాడట. మనిషి సాయం కావాలన్నాడు. వెళ్ళు,” అన్నారు స్వామి.

ముసలి వైద్యుడు వెంగళాచార్యులు గనివాళ్ళు పారబోసిన రాళ్ళలో నల్లరేకులు ఏరుకుంటున్నాడు.

“ఈ కాకిబంగారం మీకెందుకండీ?” అని అడిగాడు ఓబులేసు.

“మీ ఊళ్ళో దీన్నలా అంటారా! చూపుకే బంగారం, తూకానికి కాదని కాబోలు. మా వైద్యంలో దీని పేరు అభ్రకం. అభ్రమంటే మేఘం. నూరు పుటాలు పెడితే మందవుతుంది.”

రేకులు కాల్చి, ఆకుపసరుతో నూరి, బిళ్ళలు చేసి, రెండు మూకుళ్ళ మధ్య మూసి పిడకల మంటలో పెట్టాలి. అదొక పుటం. మర్నాడు తీసి మళ్ళీ నూరాలి. పదిరోజులైనా పొడి ఎండలో మినుకుమంటూనే ఉంది.

“ఆ మెరుపు చావాలి నాయనా. మెరిసినన్నాళ్ళూ అది మందు కాదు,” అన్నాడు వైద్యుడు.

ఓబులేసు అరచేతులు బొబ్బలెక్కాయి. పిడకలు చాలక ఊళ్ళోకి కబురంపారు. ఇరవయ్యో నాడు గంప నెత్తిన పెట్టుకొచ్చింది చెంగమ్మే. వాడు తలెత్తలేదు; నూరుతూనే ఉన్నాడు. ఆమె వాడి చేతులకేసి కాసేపు చూసింది.

“పిడకలు ఈడ పెడతా ఉండా, ఓబులేసూ,” అని వెళ్ళిపోయింది.

ఓబులేసు చటుక్కున లేచాడు. నూరేది వదిలేసి పరుగున వెళ్ళి స్వామి ముందు కూలబడ్డాడు.

“పేరు పెట్టి పిలిచింది స్వామీ! చెంగమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది!”

స్వామి ముఖం విప్పారింది. “ఇవాళ ఎన్నో పుటం?”

“ఇరవయ్యోది.”

“మరి ఇక్కడేం చేస్తున్నావు?” అన్నారాయన.