ఈరవ్వ మోదుగ చెట్టు

అనగనగా ఒక ఊరు, తల్లీ. ఆ ఊళ్ళో ఈరవ్వ అనే ఆమె మోదుగాకులతో విస్తళ్ళు కుట్టేది. ఆకులన్నీ పెరట్లో చెట్టువే. ఏటా కొత్తాకు రాగానే మొదటి విస్తట్లో అన్నం ముద్ద పెట్టి, చనిపోయిన వాళ్ళమ్మ పేరు చెప్పి గోడ మీద ఉంచేది. కాకి తిన్నాకే ఇంట్లోవాళ్ళు తినాలి.

ఒక చలికాలం ఈరవ్వకు జ్వరం వచ్చింది. తగ్గలేదు. చనిపోయింది.

అప్పుడు ఇటుక బట్టీలో పనికెళ్ళిన ఆమె మొగుడు ఓదెలు పరుగున వచ్చాడు. ఏటా చలికి ముందే వెళ్ళి వానలకు తిరిగొచ్చేవాడు కదా, ఆ చెట్టును ఎప్పుడూ పచ్చగానే చూశాడు. ఇప్పుడు చూస్తే ఒక్క ఆకు లేదు.

"ఆమెతోపాటే ఇదీ సచ్చింది. నరికి పొయ్యిల పెడత" అని గొడ్డలి తీశాడు.

వాళ్ళ బిడ్డ సారక్కకు ఎనిమిదేళ్ళు. వెళ్ళి చెట్టును కావలించుకుంది. "మూడు దినాలు ఆగు నాయినా. ఆకు రాలినంక కూడ చెట్టు ఊకె ఉండదని అమ్మ చెప్పేది."

"ఊకె ఉండక బువ్వ వండుతదా?" అన్నాడు ఓదెలు. అన్నాడే గానీ గొడ్డలిని గోడకు ఆనించాడు.

మొదటి రోజు సారక్క బెరడును గోటితో గీరింది. ఎర్రటి జిగురు ఊరింది. "సచ్చినదానికి నెత్తురొస్తదా నాయినా?" అని అడిగింది. ఆయన కూర్చుని గొడ్డలి నూరుకున్నాడు.

రెండో రోజు కొమ్మల నిండా నల్లటి బుడిపెలు కనిపించాయి. "చీడ పట్టింది" అన్నాడు ఓదెలు. సారక్క కొమ్మ వంచి ఒక బుడిపెను ఆయన వేలికి తాకించింది. పిల్లికూన చెవిలా మెత్తగా ఉంది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మూడో రోజు మబ్బు. చలి. పొద్దు వాలేదాకా ఏమీ జరగలేదు. "దినాలు ఒడిసినయి బిడ్డా" అని ఓదెలు గొడ్డలి ఎత్తాడు.

అప్పుడొక తేనెపిట్ట వచ్చి కొమ్మ మీద వాలింది. పిట్టలకు మనకన్నా ముందే తెలుస్తుందమ్మా. అది ఒక బుడిపెలో ముక్కు పెట్టింది. ఆ నల్లటి మొగ్గ బియ్యపు గింజంత విచ్చుకుని ఉంది. లోపల నిప్పు రంగు.

ఓదెలు చెయ్యి కిందికి దిగింది. పెళ్ళాం పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

గుర్తుంచుకో, మోదుగకు ముందు పువ్వు, తర్వాతే ఆకు. చెట్టంతా ఎర్రగా పూసింది. ఆ తర్వాత చిగురేసింది.

ఏంటీ, ఈరవ్వ కూడా వచ్చిందా అంటావా? రాలేదమ్మా. చెట్టుకు వచ్చిన విద్య మనుషులకు రాదు.

ఓదెలు మళ్ళీ బట్టీకి పోలేదు. ఇటుకలు మోసిన మొరటు చేతులతో కొత్తాకు విస్తరి కుట్టాడు. వంకరగా వచ్చింది. ఒక పక్క పుల్ల ఊడింది కూడా. సారక్క అందులోనే ముద్ద పెట్టి, గోడ మీద ఉంచి, ఈసారి వాళ్ళమ్మ ఈరవ్వ పేరు చెప్పింది. ఇద్దరూ ఆకలితో కాకి కోసం చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి వచ్చింది.

కథ కంచికి, చిగురు కొమ్మకి,
కునుకు నీ కంటికి, మనమిక ఇంటికి.