చెప్పుల కొలువు

రాజుగారి ఖర్చుతో వైద్యం చదివినవాళ్లు కొన్నేళ్లు అడవి పల్లెల్లో కొలువు చెయ్యాలన్నది పాత కట్టడి. కోట సుఖం మరిగిన వైద్యులు గోల పెడితే కేసరివర్మ మహారాజు దాన్ని సడలించాడు. వైద్యుడి చెప్పులు ఊళ్లో ఉంటే చాలు, వైద్యుడు ఉన్నట్టే.

ఆ ఏడు విషజ్వరం వచ్చి, వైద్యుడి చెప్పులు మాత్రమే ఉన్న మంచుకోన అనే అడవి పల్లెలో ఇంటికో పీనుగ లేచింది. ఆ సంగతి తెలియని రాజు, కోట చుట్టూ కందకం తవ్వడానికి ఇంటికో మనిషిని పంపమని ఆ ఊరికి కబురు పెట్టాడు.

తెల్లారి పొగమంచులో రాజు చూడబోతే కందకం గట్టున కూలివాడే లేడు. చెప్పుల జతలు మాత్రం బారులు తీరి ఉన్నాయి, ముక్కులన్నీ కోటవైపే. చివర్న సింగమ్మ అనే ముసలామె కూర్చుని ఉంది.

"మనుషులేరీ?" అన్నాడు రాజు.

"ఇంటికొకరు వచ్చారు దొరా, మీ కట్టడి ప్రకారమే."

"చెప్పులు తవ్వుతాయా?"

"మీ వైద్యుడి చెప్పులు నాడి చూడలేదూ? అవి చూస్తుండగా పోయినవాళ్లవే ఇవన్నీ. తవ్వమని తమరే చెప్పండి."

గాలి లేదు. అయినా ముందున్న జత తన వైపు కాస్త జరిగినట్టు రాజుకు అనిపించింది.

ఆ పూటే వైద్యుణ్ణి మంచుకోన బండెక్కించారు. వట్టికాళ్లతోనే వెళ్లాడు. చెప్పులు ఎప్పుడో అక్కడ కొలువులో ఉన్నాయి మరి.