మూడెండల మేత

ఇది ఏ తాతకూ యాదికి లేని కాలం ముచ్చట. ఎప్పుడైందని అడగొద్దు, నాకెరుక లేదు. అయితే మాత్రం అయింది. కూసోండ్రి. ఓ పిల్లా, ఆ పేలాల గిన్నె పక్కకు వెట్టి ఇను.

గుట్ట కింద గొర్లు కాసే కురుమోళ్ల ఊరొకటుండె. ఆ ఊళ్లె గట్టవ్వ అని ఒక ఒంటరి ముసల్ది. మొగడు పోయిండు, పిల్లలు లేరు. మందలల్ల పనికిరాని గొర్లను ఆమెకు పడేసిండ్రు. ఒకటి కుంటిది, ఒకటి గుడ్డిది, ఒకటి బక్కది. గవే ఆమె ఆస్తి. ఆమెకొక తమ్ముడు, అంకూసు. అరవై గొర్ల మంద ఆయనది. తల్లి చిన్నప్పుడే పోతే గట్టవ్వనే ఎత్తుకొని పెంచింది. తమ్ముడంటే ఆమెకు పాణం.

ఆ ఊరికొక ఆచారం. తొలకరికి పచ్చ మొలిచిన రోజు మందకు ఒక్కపొద్దు. పొద్దుగాల మేత వెయ్యరు. మందల దేవుడు బీరప్పకు మొక్కి, పొద్దు నడినెత్తికొచ్చినంక పచ్చట్ల ఇడుస్తరు. మంచి కాలంల ఏం గాలె. గుట్ట మీది గడ్డే గద, మేసినయి, ఇంటికొచ్చినయి.

తర్వాత పాడుకాలమొచ్చింది. వాన ఒక్క జల్లు గొట్టి మొకం చాటేసింది. గుట్ట మీద గడ్డి పోస లేదు. చేన్ల జొన్న జానెడు లేచి ఆగిపోయింది. ఊరంత ఎండిపోతే అదొక్కటే పచ్చగ కనవడ్డది. అట్ల ఎదుగుడాగిన జొన్నల ఇసముంటది. ఇప్పుడు మనం నాము అంటం. అప్పుడెవ్వలకెరుక?

మొదటి ఏడు పెద్దకురుమ ఒగ్గయ్య తన మందను ఒక్కపొద్దు ఉంచి ఆ జొన్నల ఇడిసిండు. ఆకలి మీదున్న గొర్లు గబగబ మేసినయి. చేను గట్టు దాటలే, నోట్లె నురుగొచ్చి పడిపోయినయి. "బీరప్పకు కోపమొచ్చింది. పస్తు సాలలే" అన్నడు ఒగ్గయ్య.

రెండో ఏడు గదే జల్లు, గదే జొన్న. ఈసారి దినమంత పస్తు. అంకూసు మంద అప్పుడు దూరం మేతకు పోయింది గనక దక్కింది. తక్కినయన్నీ సచ్చినయి. "బీరప్ప కోపం తగ్గలే. పస్తు సాలలే" అన్నడు ఒగ్గయ్య. అయ్యో, గింత బుద్ధి లేకపోతే ఎట్ల! ఒక్కడన్న ఎదురు అడగొద్దా?

ఆ ఏడే గట్టవ్వకు మాత్రం ఒక సంగతి కండ్ల వడ్డది. కుంటిది నడవలేదని ఆమె ఆ చేన్లనే ఒక మోపు కోసుకొచ్చింది. వచ్చుడుతోనే జరమొచ్చి పడ్డది. మోపు బండ మీద మూడెండలు ఎండింది. లేచినంక పాత చొప్ప ఇంత వేసి, ఆ ఎండిన మేత కూడ వేసింది. మూడు గొర్లూ తిన్నయి. మూడూ బతికినయి.

మూడో ఏడు గదే జల్లు, గదే జొన్న. ఊరికి మిగిలింది అంకూసు మంద ఒక్కటే. "రెండు దినాలు పస్తు వెట్టు" అన్నడు ఒగ్గయ్య. అంకూసు తలూపిండు. గట్టవ్వ ఉరికొచ్చింది.

"తమ్మీ, నీ కాళ్లు మొక్కుత. దేవుడు కాదు, ఆ పచ్చ సంపుతున్నది. పస్తుంటే ఇంకా ఆగమాగం మేస్తయి. కోసి మూడెండలు ఎండవెట్టు. ముందుగాల చొప్ప వేసి కడుపు నింపు. గప్పుడు అది వెయ్యి."

"దేవుని ముచ్చట్ల నువ్వు రాకక్కా."

"అయితే సూడు."

గట్టవ్వ గుడ్డి గొర్రెను పస్తుంచింది. తమ్ముని ముందటనే జొన్నల ఇడిసింది. అది మేసింది, పడ్డది, కాళ్లు కొట్టుకున్నది. దాని తల ఒడిల వెట్టుకొని ఏడ్సింది. "నా చేతులతోని సంపుకున్న తమ్మీ, నీ మంద కోసం." ఆ మీదట కుంటిదానికి, బక్కదానికి చొప్ప వేసి, ముందే కోసి ఎండవెట్టుకున్న జొన్న మేత వేసింది. అవి తిని పండుకొని నెమరేసుకున్నయి.

"సూసినవా?" అన్నది.

అంకూసు సూసిండు. సూసి ఏమన్నడో ఎరుకేనా? "ఒకదాన్ని తీసుకొని దేవుడు నీకు బుద్ధి చెప్పిండక్కా."

రెండు దినాలు పస్తు వెట్టి మందను తోలిండు. గట్టవ్వ చేను గట్టుకు అడ్డం పండుకున్నది. రెక్కలు వట్టి గుంజి పడేసిండ్రు. పొద్దు గూకకముందే అరవై గొర్లు పోయినయి. ఒక్కటి మిగల్లే.

ఊరు ఖాళీ అయింది. అంకూసు పెండ్లాం పిల్లలను తీసుకొని దేశం మీదికి కూలికి పోయిండు. సిగ్గుతోని అక్క మొకం సూడలే. "నువ్వు గూడ రా" అని ఒక్క మాట అనలే.

గట్టవ్వ ఉండిపోయింది. కుంటిది, బక్కది రెండూ సూడివి. వాటినిడిసి ఆమె యాడికి పోతది? దినాం జొన్న కోసింది, బండ మీద ఎండవెట్టింది, వాటికి వేసింది. ఆమె కుండల మాత్రం మూడు దోసిళ్ల గింజలే ఉండె. అవి వొడిసినయి. ఒక గొర్రెను కోసుకుంటే బతుకు. కొయ్యలే. తమ్ముడు తిరిగొస్తే మందకు ఇత్తనం ఉండాలె గద!

వానలు పడ్డంక అంకూసు తిరిగొచ్చిండు. దొడ్లె రెండు గొర్లు, రెండు పిల్లలు. బండ మీద ఎండిన మోపులు. "అక్కా" అని గుడిసెలకు పోయిండు. గట్టవ్వ పోయి అప్పటికి రెండు దినాలు. కుండ బోర్లేసి ఉన్నది. "చెప్తే ఇనకపోతినక్కా" అని నేలకు తల కొట్టుకున్నడు. ఏం లాభం? ఎవ్వలకు చెప్తున్నట్టు?

మన మందలన్నీ ఆ గొర్ల సంతానమే. అప్పటిసంది మందకు పస్తు లేదు. ఎదుగుడాగిన జొన్నల గొర్లను ఇడువం. కోసి, మూడెండలు చూపిస్తం, ముందుగాల చొప్ప వేస్తం. వేసుకుంట "గట్టవ్వా, కడుపు నిండింది" అంటం. మా అవ్వ అనేది, నేను అంట, మీరు గూడ అనుండ్రి.

ఆమె బతికున్నప్పుడు "గట్టవ్వా, తిన్నవా" అని అడిగినోడు ఒక్కడు లేకపాయె.